కింది పళ్ళెం

మైనం చల్లగా ఉన్నప్పుడే గీకాలి. ఎండ కిటికీ దాకా వచ్చిందంటే అది మెత్తబడి ఇసుకను కరుచుకుంటుంది, ఇక కత్తికి లొంగదు. అందుకే స్తమెన పొద్దున్నే చర్చికి వచ్చి, కింది పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మొద్దుబారిన వంటింటి కత్తి, అంచు విరిగిన పిండిజల్లెడ, ఒక రేకు డబ్బా, ఇవీ ఆమె పనిముట్లు. కత్తితో నిన్నటి మైనం పెచ్చులు లేపుతుంది. ఇసుకను జల్లిస్తుంది. మిగిలిన మైనపు వత్తుల ముక్కల్ని డబ్బాలో వేస్తుంది. పదమూడేళ్ళుగా అదే పని.

జల్లెడలో ఇసుక జారిపోయాక ఒక ఇత్తడి బొత్తాం మిగిలింది. రోజూ మిగులుతుంది. స్తమెన దాన్ని నెత్తిగుడ్డ కొసతో తుడిచి, పళ్ళెం అడుగున, కుడిచేతి మూలన పెట్టి, మీద ఇసుక పోసి, అరచేత్తో చదును చేసింది. ఆ పని చేసేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుంది.

ఇనుప స్టాండుకు రెండు అంతస్తులు. పై పళ్ళెం బతికున్నవాళ్ళది, కింది పళ్ళెం పోయినవాళ్ళది. రెంటిలోనూ ఒకే ఇసుక, కొలుబారా ఏటి ఒడ్డు నుంచి తెచ్చిందే. ఎవరి మైనపు వత్తి ఎక్కడ గుచ్చాలో ఆ ఊళ్ళో నడక నేర్చిన పిల్లలక్కూడా తెలుసు. బతికున్నవాడి వత్తి పొరపాటున కింద పెట్టారంటే వాడికి నూకలు చెల్లినట్టే. ఎప్పుడైనా అలా జరిగితే, చూసినవాళ్ళు ఎవరైనా సరే, గబుక్కున ఆ వత్తి పీకి, మూడుసార్లు శిలువ గీసుకుని పైన గుచ్చుతారు. అడగాల్సిన పనిలేదు, చెప్పాల్సిన పనిలేదు.

స్తమెనకు యాభై ఎనిమిదేళ్ళు. చూస్తే డెబ్బై అనుకుంటారు. రాతిగచ్చు మీద మోకాళ్ళు కాయలు కాశాయి. వెన్ను చర్చి గోడలాగే ఒక పక్కకు ఒరిగింది. కరిగిన మైనంలో వేళ్ళు ముంచి ముంచి వేలికొసలు గాజులా నున్నబడ్డాయి. రెండేళ్ళ కిందట ఒక కాగితం మీద వేలిముద్ర వేయమంటే నల్లటి మచ్చ తప్ప గీత ఒక్కటీ పడలేదు. గుమాస్తా నవ్వి, ఈవిడ ఎవరినైనా చంపినా పట్టుకోలేం అన్నాడు. అందరితోబాటు ఆమె కూడా నవ్వింది.

ఈ మధ్య ఎడమ రొమ్ము కింద ఒక నొప్పి పట్టుకుంది. జల్లెడ ఊపితే వస్తుంది, ఆపితే పోతుంది. ఇవాళ ఆపినా పోవడం లేదు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఇవాళ ఆమెకు అంతకన్నా పెద్ద పని ఉంది. ఒంటిగంటలోపు తన కొడుకు వత్తిని పై పళ్ళెంలోంచి తీసి కింది పళ్ళెంలో గుచ్చాలి. పని అంతే. జానెడు దూరం.

గ్వోజ్దెన్ గంట తాడు సరిచేసుకుంటూ వచ్చాడు. చర్చిలో గంట కొట్టేదీ, గుమ్మం పక్క బల్ల మీద వత్తులమ్మేదీ అతనే. డెబ్బై దాటినవాడు, కుడి చెవి వినబడదు, నోరు ఊరుకోదు. స్తమెన ఒళ్ళో ఉన్న వత్తిని చూసి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"నా బల్ల మీద ఇంత తిన్నని వత్తులుంటే, ఆ వంకర మిరపకాయ ఎక్కడ దొరుకుతుంది నీకు రోజూ?"

"నీ తిన్నని వత్తి అయ్యగారి ప్రార్థన అయ్యేలోపే కొడిగడుతుంది. నాది సాయంత్రం దాకా కాలుతుంది," అంది స్తమెన.

నిజమే. డబ్బాలో మిగిలిన ముక్కల్ని కరిగించి ఆమె తన వత్తిని తనే చుట్టుకుంటుంది. బొటనవేలంత లావు, ముదురు పసుపు, నిండా నొక్కుల గుర్తులు. ఊరందరి వత్తుల మధ్యా అది కళ్ళు మూసుకుని కూడా పోల్చుకోవచ్చు. కొన్నేళ్ళుగా అది పై పళ్ళెం నడిమధ్య వెలుగుతోంది, ఆమె కొడుకు మిలిసావ్ పేర.

*

యుద్ధం ఎందుకొచ్చిందో ఇప్పుడు బడిపిల్లలు వేళ్ళు మడిచి మరీ చెబుతున్నారు. రాజ్యాల ఒప్పందాలట, రైలు దారులట, సముద్రాలట, ఇనుమట. స్తమెన అవేవీ ఎరగదు. ఆమెకు తెలిసిన యుద్ధమంతా ఈ రెండు పళ్ళేల్లో జరిగింది. పంతొమ్మిదివందల పద్నాలుగులో, విదోవ్‌దాన్ పండుగనాడు, అయిదువందల ఏళ్ళ కిందట కొసొవొ పొలంలో చచ్చినవాళ్ళ కోసం ఊరంతా కింది పళ్ళెంలో వత్తులు వెలిగించి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమె మైనం గీకుతుంటే గ్వోజ్దెన్ ఆయాసపడుతూ వచ్చాడు. సరయెవొలో మనవాడెవడో ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపాడట, పెళ్ళాన్ని కూడానట అన్నాడు. స్తమెన శిలువ గీసుకుని, ఆవిడకు పిల్లలున్నారా అని అడిగింది. తెలీదన్నాడు. ఆమె మళ్ళీ కత్తి అందుకుంది.

నెల తిరక్కుండానే వీధుల్లో డప్పు కొట్టి మగవాళ్ళను పిలిచారు. మిలిసావ్‌కు ఇరవై రెండేళ్ళు. పీపాలు చేసే దుకాణంలో పని. ఆ వసంతంలోనే పెర్సిదను పెళ్ళాడాడు. ఆ వేసవిలో పై పళ్ళెంలో వేలు పెట్టడానికి చోటు లేకపోయింది. ఒకదాని వేడికి ఒకటి వంగి, కరిగి, తెల్లారేసరికి వత్తులన్నీ ఒకే ముద్దయ్యేవి. ఏది ఎవరి కొడుకో దేవుడే విడదీసుకోవాలి అనుకుంటూ ఆమె గీకేది.

చలికాలానికి వత్తులు కిందికి దిగడం మొదలైంది. కొలుబారా దగ్గర గెలిచామని మూడు రోజులు గంటలు మోగించారు. ఆ గెలిచిన వారమే ఆమె కింది పళ్ళెంలో ఇసుక రెండుసార్లు మార్చింది. తరవాత పేలు మోసుకొచ్చిన టైఫస్ జ్వరం. ఊరు ఊరంతా ఆసుపత్రి అయింది. శవాలను ఎడ్లబండి మీద కట్టెల్లా పేర్చి తీసుకెళ్ళారు. పెర్సిదకు జనవరిలో పుట్టిన ఆడపిల్ల, దరింక, మార్చిలో పోయింది. తండ్రి దాన్ని చూడనే లేదు. ఆ వత్తిని కింద గుచ్చేటప్పుడు పెర్సిద చెయ్యి ముందుకు రాకపోతే, మణికట్టు పట్టుకుని గుచ్చించింది స్తమెనే.

పదిహేనులో, ఆకులు రాలే కాలంలో, పైనుంచి జర్మన్లూ ఆస్ట్రియావాళ్ళూ, పక్కనుంచి బల్గారులూ దిగారు. మన సైన్యం అల్బేనియా కొండల వైపు కదిలింది. ఒక వానమధ్యాహ్నం మిలిసావ్ చర్చి గుమ్మంలో కనిపించాడు. కూర్చోలేదు. తల్లి ఇచ్చిన మొక్కజొన్న రొట్టె సగం తిని, సగం జేబులో పెట్టుకున్నాడు. నిలబడే ఆమె అల్లిన ఉన్ని మేజోళ్ళు తొడుక్కున్నాడు. పెర్సిద పిండిమరకు వెళ్ళింది. వచ్చేసరికి వీధి చివర సైనికుల బురద అడుగులు తప్ప ఏమీ లేవు.

తరవాత మూడేళ్ళు పరాయివాళ్ళ ఏలుబడి. రెండు పెద్ద గంటల్నీ దించి ఫిరంగులు పోత పోయడానికి బండెక్కించారు. మైనం దొరక్క ఆడవాళ్ళు దేవదారు పుల్లలు గుచ్చి వెలిగించారు. పుల్లకైనా అదే లెక్క, బతికుంటే పైన, పోతే కింద. పద్దెనిమిదిలో దొరలు పోయారు, ఊరు ఊరిది అయింది. వెళ్ళిన మగవాళ్ళలో సగం మంది కూడా తిరిగి రాలేదు.

ఆ మరుసటి వసంతంలో స్రేతెన్ వచ్చాడు. ఎగువ పల్లెవాడు, మిలిసావ్ ఉన్న దళంలోనే ఉన్నవాడు. మంచుకు కాలివేళ్ళు ఊడిపోయి, మడమల మీద నడుస్తున్నాడు. చర్చిలో అప్పుడు ఆమె తప్ప ఎవరూ లేరు. అతను టోపీ తీసి, నేల చూస్తూ చెప్పాడు. కొండలు దాటి ఓడెక్కారట. కోర్ఫు ద్వీపానికి ఎదురుగా ఒక చిన్న దీవిలో ఆసుపత్రి పెట్టారట. అంతా రాయి, గొయ్యి తవ్వడానికి మట్టి లేదట. రోజూ ఒక పడవ వచ్చి శవాలను తీసుకుపోయి సముద్రంలో వదిలేదట.

"నేనే పడవలోకి అందించాను తల్లీ. బరువు లేడు. మేజోళ్ళు కాళ్ళకే ఉన్నాయి," అని, కోటు నుంచి తెంపిన ఇత్తడి బొత్తాం ఆమె చేతిలో పెట్టాడు.

స్తమెన ఏడవలేదు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. లేదు, నీకే మొదట అన్నాడు. చెప్పకు అంది. అతను మాటిచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఏడాది తిరక్కుండా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

ఆమె బొత్తాన్ని కింది పళ్ళెం ఇసుకలో పాతింది. సముద్రం పుచ్చుకున్న కొడుక్కి ఆ జానెడు చోటైనా ఉండాలనుకుంది. వత్తి కూడా కింద గుచ్చుదామనే అనుకుంది. ముందు ఇంటికి వెళ్ళి కోడలికి చెబుదామనుకుని బయల్దేరింది. ఇంటిముందు పెర్సిద కట్టెలు కొడుతోంది. మోకాటి దాకా చీర ఎగదోపినట్టు గౌను ఎత్తి కట్టి, నెత్తిన గుడ్డ జారి, చెమటతో నిగనిగలాడుతూ ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఈ మాట చెబితే ఈ పిల్ల రేపే మూట కట్టుకుంటుంది, ఎల్లుండి నుంచి ఈ కట్టెలు నేనే కొట్టుకోవాలి, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పడి ఉండాలి. గేటు దగ్గర నిలబడిన ఆ కాసేపట్లో స్తమెన బుర్రలో తిరిగింది అదే. కొడుకు కాదు. కట్టెలు.

ఎవరో వచ్చారటగా అని పెర్సిద గొడ్డలి దించి అడిగింది.

"స్రేతెన్. వాణ్ణి ఓడలో చూశాడట, ఆఫ్రికా వెళ్ళే ఓడలో. బతికే ఉన్నాడట," అంది స్తమెన.

అబద్ధం నోట్లోంచి తనంతట తనే ఊడిపడింది. పెర్సిద కట్టెల మీద కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చి, లేచి అత్తను కావలించుకుంది. ఆదివారానికి ఊరంతా పాకింది. వరసన అందరూ వచ్చి స్తమెన చెంపలు ముద్దుపెట్టుకున్నారు. ఇక దాన్ని వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

*

పెంకుల బట్టీ ఒబ్రెన్‌కు పెళ్ళాం పోయి నాలుగేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. మాట తక్కువ, చేతులు ఎర్రమట్టి రంగు. పెర్సిదను పెళ్ళికి అడిగాడు. ఆమెకూ ఇష్టమే. కానీ జాడ తెలియని సైనికుడి భార్య వితంతువూ కాదు, ఇల్లాలూ కాదు. నల్లగుడ్డ కట్టకూడదు, రంగుగుడ్డ కట్టకూడదు. పెర్సిద ఏడేళ్ళుగా ముదురు నీలం కట్టుకుని తిరుగుతోంది. రెండేళ్ళ కిందట మళ్ళీ పెళ్ళికి చర్చి న్యాయస్థానానికి అర్జీ పెట్టింది. విచారణకు వచ్చిన గుమాస్తా స్తమెనను అడిగాడు. బతికున్నట్టు సాక్షి చెప్పాడు అంది ఆమె. గీతలు లేని వేలిముద్ర వేసింది ఆ కాగితం మీదే. అర్జీ తిరిగొచ్చింది.

పోయిన నెల ఫాదర్ తనాసియె ఆమెను పక్కకు పిలిచాడు. పెద్దాయన, కోపం ఎరగనివాడు. పెర్సిద మళ్ళీ వచ్చి కాళ్ళ మీద పడిందని చెప్పి, మెల్లగా అన్నాడు.

"స్తమెనా, ఇక నిన్నేమీ అడగను. నువ్వు నోరు విప్పక్కర్లేదు. నీ వత్తి కింది పళ్ళెంలో కనబడిన రోజున నేను పైవాళ్ళకు ఉత్తరం రాస్తాను. అది చాలు నాకు."

క్రిస్మస్ ఉపవాసాలు మొదలైతే పెళ్ళిళ్ళుండవు. ఇంకా మూడు వారాలుంది. ఆలోపు తేలకపోతే ఉబ్ అనే ఊరి నుంచి ఒక వితంతువు సంబంధం ఉందనీ, పిల్లలకు జడలు వేసే దిక్కు లేదనీ, తాను ఇక ఆగలేననీ ఒబ్రెన్ చెప్పేశాడు. పెర్సిద ఈ సంగతి అత్తకు చెప్పింది గానీ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే స్తమెన మనసు ఇంకా బిగుసుకునేదేమో. వారం కిందట ఒక రాత్రి దగ్గు ఎక్కువైతే, పెర్సిద ఒక పెంకును పొయ్యిలో కాచి, గుడ్డలో చుట్టి, అత్త వీపుకు ఆనించింది. ఒబ్రెన్ బట్టీలో పెంకే. వీపు రాస్తూ, మామూలుగా, ఏదో కూర సంగతి మాట్లాడినట్టు అంది.

"నేను వెళ్ళినా నీకు కట్టెలు కొట్టి పెట్టి పోతానత్తా రోజూ. పక్క వీధే కదా, ఎంత దూరం."

స్తమెన గోడవైపు తిరిగి పడుకుంది. మూడున్నరేళ్ళు ఆ పిల్లను కట్టేసింది దేనికోసమో, అది అడిగితే ఊరికే దొరికేది. అడగలేదు. ఆ ఒక్కమాట గుండెల్లో దిగబడింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇవాళ మిత్రోవ్‌దాన్ పండుగకు ముందు శనివారం, పోయినవాళ్ళ రోజు. పొద్దున్న పెర్సిద పొయ్యి ముందు కూర్చుని, ఉడికిన గోధుమల్లో దంచిన అక్రోటులూ చక్కెరా కలుపుతోంది, కూతురి సమాధికి పట్టుకెళ్ళడానికి. స్తమెన గుమ్మం దాటబోతూ ఆగింది.

"మధ్యాహ్నం శ్మశానం నుంచి తిన్నగా చర్చికి రా. వచ్చి పళ్ళెం చూడు."

"ఏం చూడాలత్తా?"

"చూస్తే తెలుస్తుంది."

పెర్సిద గరిటె దించింది. ఆమె మొహంలో ఒక వెలుగు వచ్చి, నమ్మాలో వద్దో తెలియక ఆగింది. స్తమెన దాన్ని చూడలేక గబగబా మెట్లు దిగింది.

*

తొమ్మిదింటికల్లా చర్చి నిండింది. గోధుమల గిన్నెలు, ఎర్ర ద్రాక్షసారా సీసాలు, తడి ఉన్ని వాసన. జనంలో మగవాళ్ళు తక్కువ. స్తమెన వంకర వత్తిని చేత్తో పట్టుకుని స్టాండు దగ్గర నిలబడింది. అందరి ముందూ గుచ్చేస్తే పోతుంది, అయ్యగారు చూస్తారు, ఊరు చూస్తుంది, ఒక్కసారితో అయిపోతుంది. ఆమె కిందికి వంగింది.

పక్కనుంచి యెలెన్క అనే ఆమె ఆనుకుని వచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులూ కొండల్లో జాడ తెలియకుండా పోయారు. ఆమె వెనక మరో అయిదారుగురు, అలాంటి తల్లులే. అందరి చేతుల్లోనూ వత్తులు, అందరి కళ్ళూ స్తమెన చేతి మీద.

"నీదెక్కడుందో చూసుకునే నావి పెడతాను స్తమెనా. నీది పైనున్నన్నాళ్ళూ నా బిడ్డలకేమీ కాలేదనుకుంటాను," అంది యెలెన్క.

స్తమెన నడుము సరిచేసుకుంది. వత్తిని పైన, నడిమధ్యన గుచ్చింది. ఆ వెంటనే ఏడెనిమిది వత్తులు దాని చుట్టూ దిగాయి. ఫాదర్ తనాసియె ధూపం ఊపుతూ అటు తిరిగి, చూసి, కళ్ళు దించుకున్నాడు. పెర్సిద చర్చి వెనక భాగంలో, జనం మధ్య ఉండి ఏమీ చూడలేదు. ప్రార్థన అయింది. పోయినవాళ్ళ పేర్లు చదవడానికి చాలాసేపు పట్టింది.

తరవాత అందరూ గిన్నెలెత్తుకుని శ్మశానానికి వెళ్ళిపోయారు. ఫాదర్ వెళ్ళాడు. గ్వోజ్దెన్ గంట కొట్టడానికి పైకెక్కాడు. చర్చిలో స్తమెన, రెండు పళ్ళేలు.

నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. ఆమె వత్తిని పైనుంచి పీకింది. మంట ఊగింది, ఆరలేదు. కిందికి వంగుతూ ఒక చేత్తో ఇనుపకాలు పట్టుకోవలసి వచ్చింది. కుడిచేతి మూల, బొత్తాం ఉన్నచోట, ఇసుకలో వత్తిని నిలిపి, బొటనవేలితో మొదలు గట్టిగా నొక్కింది. మైనం వెచ్చగా ఉంది, వేలు దిగింది.

"మిలిసావ్," అంది. పోయినవాళ్ళ పేరు చెప్పినట్టు చెప్పడం అదే మొదటిసారి. "ఇక నిద్రపో నాయనా. నీ పెళ్ళాన్ని పోనిస్తున్నాను."

ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. మూడున్నరేళ్ళుగా మోస్తున్న గంపను ఎవరో దించినట్టయింది. నోటితో చెప్పాల్సిన పనిలేదు. మధ్యాహ్నం అయ్యగారు వస్తారు, పెర్సిద వస్తుంది, చూస్తారు. తన వత్తి సాయంత్రం దాకా ఆరదు. ఆమె స్టాండు పక్కన రాతిమెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించింది. డబ్బాలో మైనం ముక్కలు ఇంకా ఏరలేదన్న సంగతి గుర్తొచ్చింది. కాసేపాగి ఏరదామనుకుంది.

*

గ్వోజ్దెన్ మెట్లు దిగి వచ్చి, కునికిపాట్లు పడుతున్నావా అని వేళాకోళం చేశాడు. భుజం పట్టి కదిపాడు. తన మంచి చెవి ఆమె నోటి దగ్గర పెట్టి విన్నాడు. తరవాత టోపీ తీశాడు. ఆమె కళ్ళు మూసి, నెత్తిగుడ్డతో గడ్డం కట్టాడు. ఎన్నో ఏళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి. ముసలాడి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

అప్పుడు చూశాడు. వంకర వత్తి కింది పళ్ళెంలో ఉంది.

పాపం, ప్రాణం పోతుంటే కళ్ళు చీకట్లు కమ్మి చెయ్యి తప్పింది అనుకున్నాడు. ఇన్నేళ్ళు పైన నిలబెట్టుకున్న కొడుకును చివరి ఘడియలో తన చేత్తో తనే చంపుకుపోవాలా ఈ తల్లి. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. వత్తి పీకి, మూడుసార్లు శిలువ గీసుకుని, పై పళ్ళెం నడిమధ్యన, ఎప్పుడూ ఉండేచోట నిలిపాడు. కింద ఇసుకలో గుంట మిగిలింది. బల్ల మీంచి తిన్నని కొత్త వత్తి తెచ్చి, స్తమెన పేర వెలిగించి, సిద్ధంగా ఉన్న ఆ గుంటలోనే గుచ్చాడు.

శ్మశానం నుంచి జనం తిరిగొచ్చారు. గ్వోజ్దెన్ అందరికీ చెప్పాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. చివరి ఊపిరి దాకా కొడుకును కిందికి దించని తల్లి అన్నాడు. తను చేసింది మాత్రం చెప్పలేదు. చేసిన మంచిపని చెప్పుకుంటే పుణ్యం పోతుందని అతని నమ్మకం. యెలెన్క ముందుకొచ్చి స్తమెన చేతిని ముద్దుపెట్టుకుంది. ఫాదర్ తనాసియె పై పళ్ళెం వైపు చాలాసేపు చూశాడు.

పెర్సిద ఖాళీ గోధుమగిన్నె చంకనపెట్టుకుని దాదాపు పరుగెత్తుతూ వచ్చింది. ఆమె వెనక, గుమ్మం బయట, ఒబ్రెన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. పెర్సిద ముందు చూసింది అత్తను కాదు. పై పళ్ళెం చూసింది. చూస్తే తెలుస్తుందన్న మాట గుర్తొచ్చింది. తెలిసింది.

అయ్యగారూ అని ఫాదర్ వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పోతూ పోతూ తల్లి ఇచ్చిన సాక్ష్యం అమ్మా ఇది. దీని మీద నేనేం రాయను?"

ఒబ్రెన్ గుమ్మంలోంచే అంతా విన్నాడు. టోపీ పెట్టుకుని, శిలువ గీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పెర్సిద వెనక్కి తిరగలేదు. శవం దగ్గరకు వచ్చి, గిన్నె నేల మీద పెట్టి, స్తమెన మొహంలోకి వంగింది.

"చూశానత్తా," అంది.

ఆ మాటలో ఏడుపు లేదు. తరవాత చేయవలసినవన్నీ చేసింది. కాళ్ళు సరిచేసింది, చేతులు రొమ్ము మీద పెట్టింది, వేళ్ళకంటిన మైనాన్ని గోటితో గీకింది. శవాన్ని ఇంటికి తీసుకెళ్ళేందుకు మనుషులు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి గ్వోజ్దెన్ పెట్టిన తిన్నని వత్తి కొడిగట్టి, ఇసుకలో ఒరిగింది. చర్చి తలుపు మూశారు. పై పళ్ళెం నడిమధ్యన వంకర వత్తి ఇంకా సగం మిగిలే ఉంది, దాని మొదట్లో గీతలు లేని బొటనవేలి నొక్కు.